పొదుపు, పిసినితనము: మాటల తారతమ్యము

నేడు నేను మీకు విన్నవింపబూనిన విషయము మిక్కిలి చిన్నదిగా దోచవచ్చును. పొదుపు, మితవ్యయము, జాగ్రత్త, లోభము, పిసినితనము, కార్పణ్యము అని మనము ప్రతిదినమును బలుకుచుండు కొన్ని మాటలు గలవు. వీని యర్థము లెట్టివి? వీనిలో నేది మెచ్చుకోలు, ఏది నింద? ఏ మాటను ఎవ్వరియెడ వాడవలెను? ఇంతియే నా ప్రసంగము.

మాటలే గదా, ఎట్లు వాడిన నేమి యని మీలో గొందరు తలపవచ్చును. కాని మాట తప్పుగా వాడుటవలన సంసారములు చెడుట మీరెరుగనిది కాదు. రచ్చబండమీద పెద్దమనిషి యొకడు ఒక పడుచు గృహస్థును జూచి "వీడు వట్టి పిసినారి" యనెనేని, ఆ మాట సాయంకాలమునకు ఊరంతయు వ్యాపించును. ఆ నిందను బాపుకొనుటకై యా పడుచువాడు చెల్లెలి పెండ్లికి మూడు దినములు ఊరివారి కందరకును సంతర్పణ చేయును. దానికై యెకరమో, అరయెకరమో తాకట్టు పెట్టును. ఆ భూమి మరల వాని చేతికి వచ్చుట యరుదు. అప్పిచ్చినవాని వడ్డీ యెంతయో మనము లెక్కకట్టుదుము; ఆ పెద్దమనిషి మాటకు బడిన వడ్డీ యెంతయో యెవ్వరును లెక్కకట్టరు. కావున మాటల విలువను మనము కొంచెము నిదానించి విచారింతము.

మొదట మన తెలుగుమాటయైన పొదుపును గైకొందము. దీని చెంతనే మన భాషలో మరి కొన్ని మాటలు గలవు. కోడి గ్రుడ్లను పొదుగును. ఆవునకు పొదుగు గలదు. విలుకాడు అమ్ములను పొదిలో నుంచుకొనును. తల్లి బిడ్డను పొదువుకొనును. ఇవి యన్నియు నొక్క ధాతువు బిడ్డలే యని నేను వాదింపబోను. కాని చెవికి జుట్టములవలె వినబడుచున్నవి. అన్నిటను ఒక వస్తువును లోన గూర్చి కాపాడుట యను భావము గానవచ్చుచున్నది. మరియొక విశేషము గమనింపుడు. కోడి గ్రుడ్డును గాచుట పిల్లకొరకు. పొదుగు పాలను నిలుపుట దూడకొరకు. పొది యమ్ములను దాచుట యవసరము వచ్చిన గడియకొరకు. ఊరక దాచుటకై దాచినది వీనిలో నొక్కటియు లేదు. పాలు పిదుకక పొదుగున నిలిపితిమేని, పొదుగు వాచి పశువు బాధపడునని మీలో పశువుల బెంచినవారికి నేను చెప్పనక్కరలేదు.

కాబట్టి పొదుపునకు మూడంగములు. ఉన్నదానిలో గొంత నిలుపుట మొదటిది. ఒక పనికై నిలుపుట రెండవది. ఆ పని వచ్చినప్పుడు మనసార దీసి వెచ్చించుట మూడవది. మొదటి యంగము మాత్రముండి తక్కిన రెండును లేనిచో దానికి పొదుపను పేరు చెల్లదు.

ఇక సంస్కృతమునుండి వచ్చిన మితవ్యయమును జూతము. మితమనగా గొంచెమని పలువురనుకొందురు. అది సరి గాదు. కొలుచుట యను నర్థముగల మా ధాతువునుండి పుట్టిన మాట యిది. కొలువబడినది యని దాని మూలార్థము. కొలిచినది కొంచెము కావచ్చును, అధికమును కావచ్చును. ఇన్నూరుమంది బంధువులు వచ్చు పెండ్లికి ఇన్నూరుమందికి సరిపడ వండించుట మితము. నూరుమందికి వండించుట మితము గాదు, అది వెలితి. ఐదువందలమందికి వండించి మిగిలినది దిబ్బపాలు చేయుటయు మితము గాదు, అది వ్యర్థము.

వ్యయమనగా పోవుట. ఆయమనగా వచ్చుట. రెండును పోవుట, వచ్చుట యను చలనమును దెలుపు నొక్క ధాతువునుండియే పుట్టినవి. ముందున్న యుపసర్గలు మాత్రము వేరు. చిత్రమేమనగా, మనము నిత్యము వాడెడి ఖర్చను మాటయు నిట్టిదే. అది యరబ్బీ భాషనుండి పారసీకముద్వారా మనకు వచ్చినది. ఆ భాషయందును దాని మూలమునకు వెలికి బోవుట యనియే యర్థము. జమ యనునదియు నరబ్బీ మాటయే. కూడుట యని దాని భావము. కాబట్టి జమాఖర్చు లెక్క వ్రాయు కరణమును, ఆయవ్యయములని చదువు పండితుడును ఒక్క విషయమునే రెండు భాషలలో జెప్పుచున్నారు. కూడినదెంత, వెడలినదెంత యని చూచుకొనుటయే సంసారమునకు మొదటి పాఠము.

ఉగాదినాడు మీరందరును పంచాంగశ్రవణము చేయుదురు. ఒక్కొక్క రాశికి ఆదాయమింత, వ్యయమింత యని సిద్ధాంతిగారు చదువుచుండగా చెవియొగ్గి విందురు. ఆదాయము రెండు, వ్యయము పదునొకండు అని తన రాశికి వచ్చినవాడు ముఖము ముడుచుకొని యింటికి బోవును. ఆ యంకెల ఫలమును గూర్చి నేను వాదింపను. కాని ఏడాదికొక్క నాడు పంచాంగములో వినునట్టి యీ రెండంకెలను నెలకొక్కసారి తన యింటి లెక్కలో జూచుకొనువాడు ఊరికి ఎంతమంది యున్నారు? వారినే మితవ్యయులని పిలువవలెను.

జాగ్రత్త యను మాట మన పల్లెలలో మిక్కిలి మర్యాదతో వాడబడుచున్నది. "ఆయన జాగ్రత్తగల మనిషి" యందుము. "ఈ కాగితము జాగ్రత్తపెట్టుము" అందుము. ఇది మేలుకొనియుండుట యను నర్థముగల సంస్కృతశబ్దమునుండి వచ్చినది. నిద్రపోవనివాడు జాగ్రత్తగలవాడు. చూడుడు, ఈ మాటలో బిగియబట్టుట యను భావమే లేదు. కన్ను తెరచియుంచుట యను భావము మాత్రమే కలదు. పిసినారి గుప్పిట మూసియుంచును. జాగ్రత్తపరుడు కన్ను తెరచియుంచును. ఈ రెంటికిని గల భేదమును మనస్సున నుంచుకొనవలెను.

ఇక నిందావాచకములు. పిసిని, పిసినారి, పిసినిగొట్టు అని మనకు జాతీయములు గలవు. పిల్లికి బిచ్చము పెట్టడనియు, ఎంగిలిచేత గాకిని తోలడనియు మన పెద్దలు వానిని వర్ణించిరి. ఎంగిలిచేత గాకిని తోలినచో వ్రేళ్లకంటియున్న మెతుకు రాలి కాకి నోటబడునని వాని భయము. ఇంతకంటె జక్కగా నొక మనుష్యుని లోపలి దారిద్ర్యమును జూపుట మహాకవులకును గష్టము.

లోభమను మాటకు సంస్కృతమున ప్రధానార్థము మితిమీరిన యాశ. అరిషడ్వర్గములో గామక్రోధములవెంట మూడవదిగా దీనిని లెక్కించిరి. పరులదానికై నోరూరుట దాని స్వభావము. తెలుగున మాత్రము లోభి యనినచో తనది యీయనివాడని వాడుక స్థిరపడినది. ఈ మార్పు అసంగతము గాదు. పరులది రావలెనను నాశయు, తనది పోగూడదను భయమును ఒక్క రోగమునకే రెండు లక్షణములు. చిన్న చిన్న వస్తువులయెడ నీ రోగము పుట్టినప్పుడు మనము కక్కురితి యందుము.

కృపణశబ్దము మరింత యాలోచింపదగినది. కృప యనగా దయ యని మీరెరుగుదురు. కృపణుడు దానికి దగ్గరి చుట్టము. దయ చూపదగిన దీనుడని దాని మొదటి యర్థము. పిసినారి యను నర్థము పిమ్మట స్థిరపడినది. బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యమహర్షి గార్గితో మాటలాడుచు, అక్షరమగు తత్త్వము నెరుగకయే యీ లోకమునుండి వెడలిపోవువానిని కృపణుడని చెప్పెను. ఎంతయో నిధి చేతనుండగా దాని నెరుగక దరిద్రుడై పోవువాడని దాని తాత్పర్యము. ధనమును గూర్చియు నిట్లే. పెట్టెనిండ ధనముండియు చలికి దుప్పటి కొనుకొననివాడు తిట్టదగినవాడు కాడు, జాలిపడదగినవాడు. మన పూర్వులు వానికి బెట్టిన పేరులోనే యా జాలియు నున్నది.

అమరసింహుడు తన నిఘంటువున పిసినారికి కదర్యుడు, కృపణుడు, క్షుద్రుడు, కింపచానుడు, మితంపచుడు అని యైదు పేరులు చెప్పెను. చిన్ననాడు అమరము వల్లించిన పెద్దలు మీలో నుందురు. ఈ యైదింటిలో కడపటి రెండును వంటయింటి మాటలు. మితంపచుడనగా గొలిచి వండువాడు. కింపచానుడనగా ఏమి వండును, ఏమియు వండడని తెలుపు మాట. ఇంతకు ముందు మితవ్యయము మంచిదంటిమి గదా, మితముగా వండుట నింద యేల యైనది? ఇందులో నొక మర్మము గలదు. బియ్యము డబ్బానుండి తీయునప్పుడు కొలత యుండవలెను; ఆకలిగొన్నవాని విస్తరిలో వడ్డించునప్పుడు కొలత యుండరాదు. తన విస్తరిలో గొలత పొదుపు. పరుని విస్తరిలో గొలత పిసినితనము. మాట యొక్కటే, చేయి యొక్కటే. కొలత యెక్కడ వేసితి మనుదానినిబట్టి మంచియు జెడ్డయు నేర్పడుచున్నవి.

ఈ విషయమును శాస్త్రకారులందరిలో మిక్కిలి స్పష్టముగా జెప్పినవాడు కౌటిల్యుడు. ఆయన యర్థశాస్త్రము చాలకాలము మరుగుపడియుండి, మైసూరునందు తాళపత్రరూపమున వెలువడగా, శామశాస్త్రిగారు దానిని 1909లో అచ్చొత్తించిరి. అందు రెండవ యధికరణమున తొమ్మిదవ యధ్యాయమున, అధికారుల ప్రవర్తనను బరీక్షించు సందర్భమున, ధనమును జెరచు మువ్వురను గూర్చి చెప్పబడినది. తండ్రితాతల సొత్తును అన్యాయముగా దినివేయువాడు మూలహరుడు. ఎప్పుడు వచ్చినది అప్పుడే తినివేయువాడు తాదాత్వికుడు. తన్నును తన సేవకులను బాధించి ధనమును గూడబెట్టువాడు కదర్యుడు. ఈ మువ్వురను అదుపులో నుంచవలెనని యాయన శాసనము.

ఈ మువ్వురును మన యూళ్లలో నేటికిని గలరు. కూర్చుండి తినిన కొండలైనను కరగునని మనవారు చెప్పునది మూలహరుని గూర్చియే. తాదాత్వికునికి మన పల్లెవారు పెట్టిన సామెత "ఉంటే ఉగాది, లేకుంటే శివరాత్రి." ధాన్యమమ్మిన నెల వాని యింట నిత్యమును పండుగ, శ్రావణమాసము వచ్చునప్పటికి విత్తనములకై యప్పు. వాడు దుర్మార్గుడు గాడు, పలుమారులు మిక్కిలి మంచివాడు. అందుచేతనే యూరివారు వానిని మెచ్చుకొని వాని యింట భోజనము చేసి పోవుదురు. వాని భార్యాపిల్లలు మాత్రము శివరాత్రి యుపవాసముందురు.

కదర్యుని నిర్వచనమును మరల నొక్కసారి చిత్తగింపుడు. ధనము గూర్చుట యాయన తప్పు పట్టలేదు. తన్నును సేవకులను బాధించి గూర్చుట తప్పనెను. కదర్యశబ్దమునకు గుత్సితుడైన యజమాని యని వ్యుత్పత్తి చెప్పుదురు. నిజముగా వాడు ధనమునకు యజమాని గాడు, కాపలావాడు. పాలేరునకు గూలి తగ్గించి, ఎద్దులకు దాణా తగ్గించి, భార్యకు మందు కొనక, పిల్లవానిని బడి మాన్పించి నాలుగువేలు మిగిల్చినవానిని మనము రచ్చబండమీద "చాల పొదుపరి" యని మెచ్చుకొందుమేని, అది పొదుపను మాటకు మనము చేసిన యపచారము. ఆ నాలుగువేలును వాడు మిగిల్చినది కాదు. ఇతరుల కడుపునుండి తీసినది.

భాగవతమున నేకాదశస్కంధములో శ్రీకృష్ణుడు ఉద్ధవునకు జెప్పిన కథ యొకటి గలదు. అవంతీదేశమున నొక బ్రాహ్మణుడు వర్తకాది వృత్తులచే మిక్కిలి ధనము గడించెను. ఆతనిని గదర్యుడనియే గ్రంథము పేర్కొన్నది. బంధువులను అతిథులను మాటతోనైన నాదరింపడు. తానును వేళకు సుఖముగా దినడు. భార్య, కుమారులు, సేవకులు అందరును మనసులో విసిగిరి. తుదకు జ్ఞాతులు కొంత, దొంగలు కొంత, రాజులు కొంత, కాలవశమున గొంత యా ధనమును హరించిరి. అంతయు బోయిన పిమ్మట వానికి గన్ను విచ్చినది; సన్న్యాసియై భిక్షాటనము చేసెను. మన నీతికారులు ధనమునకు దానము, భోగము, నాశము అని మూడు మార్గములు చెప్పుదురు. మొదటి రెండు తలుపులును మూసినవానికి మూడవ తలుపు తనంత దానే తెరచుకొనునని యీ కథ చెప్పుచున్నది.

ఇక నావలి గట్టున నున్న మాటలను గూడ జూతము. దుబారా యను మాట పారసీకమునుండి వచ్చినది. దో యనగా రెండు, బార్ అనగా మారు. రెండవమారు అని దాని సహజార్థము. తెలుగున మాత్రము వ్యర్థవ్యయమని రూఢియైనది. ఒక్కమారు చేసిన జాలునట్టి ఖర్చును రెండుమారులు చేయుట దుబారా యని మనము జ్ఞాపకముంచుకొనినచో మాటయు గుర్తుండును, నీతియు గుర్తుండును. ఆడంబరమను మాటకు సంస్కృతమున వాద్యధ్వని యనియు, ఏనుగుల ఘీంకారమనియు నర్థములు గలవు. పెద్ద చప్పుడు, అంతియే. చప్పుడు పుట్టినంతసేపే యుండును. దానికై చేసిన యప్పు మాత్రము చప్పుడు లేకుండ పెరుగును.

ఔదార్యము వేరు. చేతికి ఎముక లేదందుమే, అట్టివాడు దాత. కాని ఎవ్వని సొమ్ముతో దాత యనునది చూడవలెను. అప్పు తెచ్చి వడ్డించువాడు తన సొమ్ము నిచ్చుటలేదు. తన పిల్లలు రేపు తీర్పవలసిన సొమ్మును ఇచ్చుచున్నాడు. అప్పుచేసి పప్పుకూడను సామెత యిట్టివానికొరకే పుట్టినది. నిజమైన దాత పొదుపరికి శత్రువు గాడు. ఆలోచించినచో, నిలువ యున్నవాడే యిచ్చుటకు సమర్థుడు. కరవునాడు ఊరికి గింజలు పెట్టినవాడు పండినయేడు పాతరలో గింజలు దాచినవాడే కాని, పండినయేడు విందులు చేసినవాడు గాడు.

నేను బడిలో బాఠములు చెప్పుచుండిన కాలమున ఒకనాడు పిల్లలకు ఉదారుడను మాట కెదురుమాట వ్రాయుడని యిచ్చితిని. తరగతిలో సగమునకు మించి పొదుపరి యని వ్రాసిరి. ఎందుకట్లు వ్రాసితిరని యడుగగా నొక పిల్లవాడు, "మా నాయనను మా మామగారు ఎప్పుడును పొదుపరి, పొదుపరి యని నవ్వుచుందురండి" యని చెప్పెను. ఆ పిల్లవాని తండ్రి చిన్న రైతు. ఇద్దరు కొడుకులను చదివించుటకై చుట్ట మానిన మనుష్యుడు. ఆ తండ్రి చేసిన త్యాగము కొడుకుచెవికి నవ్వులాటగా జేరినది. ఉదారున కెదురుమాట లోభి యనియు, పొదుపరి కెదురుమాట దుబారాదారు డనియు నాడు నేను నల్లబల్లమీద రెండు జంటలుగా వ్రాసి చూపితిని. ఒక్క మనుష్యుడే పొదుపరియు నుదారుడును గావచ్చుననియు, దుబారా చేయువాడు లోభి గూడ గావచ్చుననియు జెప్పితిని. తన విందులకు వేలు పోసి, పాలేరు కూలియొద్ద పైసలు గీచువారిని మీరు చూడలేదా?

పొదుపనగా పెద్ద యాదాయము గలవారి పని యని తలపవలదు. మన ప్రాంతములలో బెక్కుచోట్ల వాడిన పాతకొలతలు చూడుడు. 4 గిద్దలు ఒక సోల, 2 సోలలు ఒక తవ్వ, 2 తవ్వలు ఒక మానిక, 4 మానికలు ఒక కుంచము, 4 కుంచములు ఒక తూము. 1956లో తూనికలు కొలతల చట్టము వచ్చిన పిమ్మట నీ మానములు క్రమముగా వెనుకబడినను, పెద్దవారికి నోట నున్నవియే. ఇల్లాలు ప్రతిదినము వంటకు బియ్యము పోయునప్పుడు ఒక్క గిద్ద తీసి వేరుకుండలో వేసినదనుకొందము. 16 దినములకు మానిక, 64 దినములకు కుంచము, 256 దినములకు తూము నిండును. తొమ్మిది నెలలు నిండక మునుపే తూమెడు బియ్యము! ఆ గిద్ద తీసినందువలన ఇంటిలో నెవ్వరికిని ఆకలి తీరకపోలేదు. వేన్నీళ్లకు చన్నీళ్లు తోడన్న సామెతకు ఇదియే లెక్క. ముడుపు కట్టుటయు నిట్టిదే. స్వామి పేరిట పసుపుగుడ్డలో ముడిచిన సొమ్మును ఎంత యిబ్బంది వచ్చినను మనవారు ముట్టరు. పిల్లవాని చదువు పేరిట, వృద్ధాప్యము పేరిట గూడ నంతటి పట్టుదలతో ముడుపు కట్టవచ్చును.

ఈ పొదుపను మాట మన కాలమున గ్రొత్త గౌరవము గూడ బొందినది. 1882లో మన దేశమున తపాలాకచేరీల యందు సామాన్యులు సొమ్ము దాచుకొను నేర్పాటు మొదలైనది. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది. ఐనను పొదుపను మాటను ఇంటింటి మాటగా జేసినవారు మన పల్లెల స్త్రీలు. 1990 తరువాతి యేండ్లలో నెల్లూరుజిల్లాలో దూబగుంట మొదలైన గ్రామముల స్త్రీలు సారాయంగళ్లకు వ్యతిరేకముగా నిలిచిరి. ఆ యుద్యమము వ్యాపింపగా 1993 అక్టోబరు 1వ తేదినుండి నాటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున సారా నిషేధింపబడెను. అటుపిమ్మట నా జిల్లాలోనే స్త్రీలు జట్లుగా గూడి దినమున కొక్క రూపాయి చొప్పున నిలువచేయ మొదలిడిరి. నేడు రెండు తెలుగు రాష్ట్రములలోను ఇట్టి జట్లు ఊరూర నున్నవి. ప్రజలు వానిని పొదుపు సంఘములనియే పిలుచుచున్నారు. ఆ స్త్రీలు కూడిన సొమ్మును పెట్టెలో బెట్టి కూర్చుండలేదు. ఒకతె గేదెను గొనుటకు, ఒకతె కొడుకు చదువునకు, ఒకతె యాసుపత్రి ఖర్చునకు దానినే యప్పుగా దీసికొని మరల దీర్చుచున్నారు. నేను మొదట జెప్పిన మూడంగములును ఇందు గలవు: నిలుపుట, పనికై నిలుపుట, పని వచ్చినప్పుడు తీసి యిచ్చుట. ఆ చదువురాని తల్లులు మాటను నిఘంటువు చూచి యెంచుకొనలేదు. కాని సరియైన మాటనే యెంచుకొనిరి.

ఐనను పొదుపునందును ఒక ప్రమాదము గలదని చెప్పకున్న నా మాట యసంపూర్ణమగును. పొదుపు అలవాటుగా మొదలై, వయస్సుతోబాటు గట్టిపడి పిసినితనముగా మారుట కలదు. పిల్లవాని చదువునకని దాచినవాడు, పిల్లవాడు చదువుకొని యుద్యోగస్థుడైన తరువాత గూడ, మానలేక దాచుచునే యుండును. దేనికొరకని యడిగిన జవాబు చెప్పలేడు. పొదుపు దాటి పిసినితనపు పొలిమేర చేరితినని మనుష్యుడు తెలిసికొనుటకు గుర్తు అదియే. దేనికొరకు అను ప్రశ్నకు జవాబున్నంతవరకు పొదుపు. జవాబు లేనినాడు లోభము. మీలో నెవ్వరైన పెట్టె తాళముచెవి మొలత్రాటికి గట్టుకొని తిరుగుచున్నయెడల, ఆ ప్రశ్నను రాత్రి పరుండబోవునప్పుడు తమకు దామే వేసికొందురుగాక.

కాబట్టి పెద్దలారా, మీ నోటినుండి పిసినారి యను మాట వెలువడకముందు మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఈతడు తగ్గించినది తన సుఖమునా, ఇతరుల యాకలినా? ఈతడు దాచినదానికి ఒక ప్రయోజనము కలదా? ఆ ప్రయోజనము వచ్చిననాడు ఈతని చేయి విచ్చుచున్నదా? తన సుఖమును దగ్గించుకొని, ఒక పనికై దాచి, ఆ పనినాడు వెనుదీయనివాడు పొదుపరి. వానిని నిండు సభలో మెచ్చుకొనుడు. వానిని జూచి పదుగురు పడుచువాండ్రు నేర్చుకొందురు. ఇతరుల కడుపు మాడ్చి దాచువాడు కదర్యుడు. వాడు ధనవంతుడైనను, దేవాలయమునకు గంట గట్టించినను, వానిని పొదుపరి యనవలదు. మంచమున్నంతవరకే కాళ్లు చాచుకొనువానిని జూచి నవ్వవలదు. మంచము దాటి కాళ్లు చాచువానిని భుజము తట్టవలదు.

పెండ్లిండ్ల కాలము వచ్చుచున్నది. మీ యూరిలో నొక పేదతండ్రి మీయొద్దకు వచ్చి, "అయ్యా, వంద విస్తళ్లతో సరిపెట్టుకొందునా, ఊరివారేమనుకొందురో" యని యడుగవచ్చును. అప్పుడు మీరు చెప్పు మాట వాని పొలమును నిలుపును, లేదా తాకట్టు పెట్టించును. "వంద విస్తళ్లు చాలును నాయనా, నీవు చేసినది పొదుపు, పిసినితన మనువానితో నేను మాటలాడెదను" అని చెప్పుడు. ఊరిలో మొదటివాని కట్లు చెప్పినచో రెండవవాడు అడుగుటకు సంకోచింపడు.